ఈరన్న పిక్కలు, హకీం సాబు చెప్పిన ఫలీ

వనపర్తి తపాలా కచేరీలో ఈరన్న అనే హర్కారా ఉండేవాడు. హర్కారా అంటే తపాలా సంచి భుజాన వేసుకుని ఊరి నుంచి ఊరికి పరుగెత్తే మనిషి. చేతిలో గజ్జెలు కట్టిన బల్లెం, నడుముకు తోలు పట్టా, పట్టా మీద అరచేయంత ఇత్తడి బిళ్ళ. తాను పరుగెత్తితే తన నీడ వెనకబడేదనీ, ఎండాకాలం అది దారిలో చెట్టు కింద ఆగి అలుపు తీర్చుకుని గానీ వచ్చేది కాదనీ ఈరన్నే నాతో చెప్పాడు. పక్కనే చేటలో బియ్యం ఏరుతున్న ఆయన భార్య భీమమ్మ ఆ మాటను అక్కడికక్కడే కొట్టేసింది.

ఈ కథంతా నేను అలాగే విన్నాను. ఆయన చెప్పినదాంట్లో సగం ఆమె కొట్టేసింది. మిగిలిన సగం ఇక్కడ రాస్తున్నాను. కొట్టేసినదాంట్లో కూడా ఒకటి రెండు బాగున్నవి వదల్లేక చేర్చాను. అబద్ధానికి పది జపాలు చెప్పించే సిస్టరమ్మల బడిలో చదువుకున్నవాణ్ణి. నా లెక్క నాకు తెలుసు, ముప్ఫై జపాలు దాటదు.

ముందు ఆ ఇత్తడి బిళ్ళ సంగతి చెప్పాలి. చూడ్డానికి అది ఎద్దు మెడలో కట్టే బిళ్ళకన్నా గొప్పదేం కాదు. కానీ అది నడుముకు ఉన్నంతకాలం ఈరన్నను ఊరి పటేలు వెట్టికి పిలవడానికి లేదు. వెట్టి అంటే కూలి లేని చాకిరి. ఈరన్న తండ్రి బతికినన్నాళ్ళూ పటేలు కచ్చరం బండి ముందు దారి తప్పించండని అరుస్తూ పరుగెత్తాడు. బండి ఆగితే ఎడ్లకు నీళ్ళు పెట్టాడు, కదిలితే మళ్ళీ పరుగెత్తాడు. ఒకరోజు బండి ఆగినచోటే కూలబడి మళ్ళీ లేవలేదు. ఈరన్నకూ అవే పిక్కలు వచ్చాయి. అయితే ఆ పిక్కలను చూసి తపాలా మున్షీ ఒకాయన సర్కారు కొలువులో పెట్టాడు. కొలువులో చేరిన రోజున ఈరన్న తల్లి ఆ బిళ్ళకు పసుపు రాసి బొట్టు పెట్టిందట. ఈ మాట భీమమ్మ కొట్టేయలేదు.

ఈరన్న పని ఇది. పొద్దున ఆరింటికి వనపర్తిలో సంచి ఎత్తుకుని నాగర్‌కర్నూల్ దారిలో నాలుగు కోసులు పరుగెత్తాలి. అక్కడ దారి పక్కన తపాలావాళ్ళ గుడిసె ఒకటి ఉండేది. అవతలి నుంచి మాసయ్య అనే హర్కారా నాగర్‌కర్నూల్ సంచితో అక్కడికే వచ్చేవాడు. ఇద్దరూ సంచులు మార్చుకుని ఎవరి దారిన వాళ్ళు వెనక్కి తిరగాలి. తిరుగు సంచి పది కొట్టేలోపు మున్షీ బల్ల మీద పడాలి. ఎందుకంటే పదింటికి రైలు స్టేషనుకు పోయే టాంగా కదులుతుంది. పోను నాలుగు, రాను నాలుగు, మొత్తం ఎనిమిది కోసులు. ఇప్పటి లెక్కలో పదహారు మైళ్ళు.

ఇది దినం విడిచి దినం పని. ఈరన్న సోమ, బుధ, శుక్రవారాలు పరుగెత్తేవాడు. తక్కిన రోజుల్లో సంచి మోటారు బస్సు మీద పోయేది. పరుగెత్తిన మర్నాడు ఈరన్న గోడకు ఆనుకుని కూర్చునేవాడు. పిక్కలు మొద్దుబారి, తొడలు బిగుసుకుపోయి, గడప దాటడానికి చేతులతో కాలు ఎత్తి అవతల పెట్టుకునేవాడు. ఒక రోజు గడిస్తే మళ్ళీ మామూలయ్యేవి. వయసు నలభై దాటిందో లేదో ఆయనకే తెలియదు. పిక్కలకు మాత్రం దాటినట్టు తెలుసు.

పంతొమ్మిది వందల నలభై రెండు, శివరాత్రి వెళ్ళిన వారం. మున్షీ రామచంద్రయ్య ఈరన్నను లోపలికి పిలిచాడు. సన్నటి మనిషి, ముక్కుపొడుం పీలుస్తూ మాట్లాడేవాడు.

"ఈరన్నా, బస్సు బందైందిరా. పెట్రోలంత లడాయికి పోతున్నదట."

"మల్ల తపాల్ ఎట్లయ్యా?"

"ఎట్లేంది, నువ్వున్నవు గద. వచ్చే సోమారం సంది దినాం ఉరకాలె."

"దినామా?"

"ఆదివారం ఇడిచిపెట్టి. ఆ మీది శనివారం పాలమూరు నుంచి ఇన్‌స్పెక్టర్ సాబు వస్తుండు. ఆరు దినాల రిజిస్టర్ చూస్తడు. ఒక్కపారి ఆలస్యమైతే నేను ఏమన్న చెప్పుకోవచ్చు. రెండోపారి ఐతే నువ్వు బిళ్ళ తీసి గీ బల్ల మీద పెట్టాలె. వయసు పోరగాండ్లు శానమంది అడుగుతుండ్రంట. నా చేతుల లేదు, ఇను."

ఆ శుక్రవారం ఈరన్న మామూలుగా పరుగెత్తి వచ్చాడు. శనివారం పొద్దున, చూద్దామని ఊరి బయటిదాకా పరుగెత్తబోయాడు. నూరడుగులు పోకముందే రెండు పిక్కలూ ముడిపడ్డట్టు బిగుసుకుని దారిలోనే కూర్చుండిపోయాడు. అటుగా పోతున్న పటేలు మనిషి చూశాడు. ఆ సాయంత్రమే వాడు ఈరన్న గుడిసె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఈరిగా, బస్సు బందైందటనే. నీ కాళ్ళెట్లున్నయో చూసి రమ్మన్నడు పటేలు."

"మంచిగనే ఉన్నయి."

"కచ్చరం ముందర ఉరికేటోడు ముసలోడైండు. ఆ జాగ ఖాళీ అయ్యేటట్టున్నది. మీ నాయనది గదే జాగ గదా, అందుకని యాది చేసిండు."

భీమమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "కాళ్ళు సర్కారువని చెప్పుపో. సర్కారు ఇడిచినంక రమ్మను."

వాడు నవ్వి వెళ్ళిపోయాడు. ఆమె మాత్రం మళ్ళీ పొయ్యి దగ్గరకు పోలేదు. కొప్పు ముడి వేసుకుని, చీర చెంగు దోపుకుని నేరుగా దవాఖానకు నడిచింది.

ఊళ్ళోకి ఒక హకీం వచ్చి అప్పటికి మూడు నెలలైంది. ఢిల్లీ వైపు మనిషి. ఆయనకు తెలుగు నాలుగు మాటలు వచ్చు, అందులో రెండు అంకెలు. ధరూరులో పుట్టి గద్వాల సంతలో కూరగాయలమ్మి పెరిగిన భీమమ్మకు మాత్రం సంత ఉర్దూ ధారాళంగా వచ్చు. ఆ ధైర్యంతోనే పోయి, తన ఉర్దూలోనే చెప్పింది.

"సాబ్, మా ఇంటాయన ఒక్క దినం గుర్రమోలె ఉరుకుతడు. తెల్లారి లేవనీకె రాదు. పిక్కలు కట్టెలైతయ్. మందియ్యి."

హకీం అంతా విని తల ఊపాడు. "బాదామ్," అన్నాడు. "అఖ్రోట్. పిస్తా."

బాదం పేరు భీమమ్మ విన్నది, చూడలేదు. మిగతా రెండూ మనుషుల పేర్లనుకున్నది. ఏదైనా సరే, తమ ఇంట్లో ఉండేవి కావని ఆయన మొహం చూస్తేనే తెలిసింది.

"గవి దొరలింట్ల ఉంటయ్ సాబ్. మా ఇంట్ల యాడియి?"

హకీం గడ్డం దువ్వుకున్నాడు. "తో మూంగ్‌ఫలీ," అన్నాడు. "గరీబ్ కా బాదామ్." బీదవాడి బాదం అదే. రాత్రి నీళ్ళలో నానబెట్టాలి. పొద్దున బెల్లంతో తినాలి. పరుగెత్తి వచ్చాక మళ్ళీ ఒక పిడికెడు. తొక్క తీయకూడదు, బాగా నమలాలి. బండి ఇరుసుకు పైనుంచి కందెన పూసినట్టు ఇది లోపలి నుంచి పని చేస్తుందని చేతులు తిప్పి చూపించాడు. భీమమ్మ అన్నీ వేళ్ళ మీద గుర్తు పెట్టుకుని ఇంటికొచ్చింది.

ఇక్కడే తిరకాసు జరిగింది. మన వైపు ఉర్దూ మాట్లాడేవాళ్ళు మునక్కాయను మూంగే కీ ఫల్లీ అంటారు. గద్వాల సంతలో భీమమ్మ చిన్నప్పటి నుంచి ఆ మాటతోనే మునక్కాయలు అమ్మింది. ఇక హకీం చెప్పిన మూంగ్‌ఫలీ అంటే వేరుశనగ, దాన్ని వనపర్తిలో పల్లికాయ అంటారు. భీమమ్మ పుట్టింటి వైపు అదీ అనరు, బుడ్డలు అంటారు. అందుకని హకీం నోట మాట పడగానే ఆమె కళ్ళ ముందు నిలబడింది పెరట్లో మునగచెట్టే. అది ఆ ఏడు విరగ కాసింది.

ఆ రాత్రే ఆమె మునక్కాయలు కోసి, కాగులో నిలువుగా నిలబెట్టి నీళ్ళు పోసింది. పిడికెడు అన్నాడు కదా అని పిడికిట్లో పట్టినన్ని తీసింది. తొమ్మిది పట్టాయి.

ఆదివారం పొద్దున ఈరన్న ముందు ఆకు పరిచి, నానిన పచ్చి మునక్కాయలు, పక్కన బెల్లంముక్క పెట్టింది. ఈరన్న ఒకదాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది తినాల్నా?"

"తినాలె. హకీం సాబు చెప్పిండు."

"వండకుంటనా?"

"వండుమని చెప్పలే."

"తొక్కన్న తియ్యవే."

"తొక్క తియ్యొద్దని మరీ మరీ చెప్పిండు. మందంత అండ్లనే ఉన్నదేమో."

"మేక గూడ తినదు గదనే గిది."

"మేకకు బిళ్ళ లేదు. నువ్వు నములు."

ఈరన్న నమిలాడు. మునక్కాయ తొక్క సంగతి మీకు తెలిసిందే. ఉడికినదాన్నే పీల్చి పారేస్తాం. ఆయన ఒక్కో కాయకు ఒక్కో మైలు పరుగెత్తినంత కష్టపడ్డాడు. ఆ నమలడంతో దవడలకు వచ్చిన బలం మళ్ళీ పోలేదనీ, చాలా ఏళ్ళ తర్వాత పందెం కట్టి ఎద్దు ముకుతాడు కొరికి తెంపాననీ ఆయన చెప్పాడు. భీమమ్మ కొట్టేసింది.

సోమవారం పరుగు బాగానే సాగింది. ముందు రెండు రోజులు విశ్రాంతి దొరికింది కనుక అది మందు గొప్పతనం కాదు. కానీ మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మందే అనుకున్నారు. వచ్చాక ఇంకొక పిడికెడు పెట్టింది. ఆ రాత్రి పన్నెండు కాయలు నానేసింది.

మంగళవారం తెల్లవారేసరికి పిక్కలు ఎప్పటిలాగే బిగుసుకుపోయి ఉన్నాయి. దానికి తోడు కడుపులో మునగ తిరగబడింది. అయినా ఆరింటికి సంచి ఎత్తాడు. పోను దారిలో నాలుగుసార్లు సంచి కొమ్మకు తగిలించి పొదల వెనక్కి పోవాల్సి వచ్చింది. నాగర్‌కర్నూల్ దారిలో ఏ తుమ్మపొద ఎక్కడుందో ఆ రోజు తెలిసినంత బాగా తన జీవితంలో ఇంకెప్పుడూ తెలియలేదని ఈరన్న అన్నాడు. ఇది ఆమె ఒప్పుకున్నది.

గుడిసె దగ్గర మాసయ్య ఎదురుచూస్తున్నాడు. ఇరవై రెండేళ్ళవాడు, ఇంకా కాళ్ళు నొప్పి అంటే ఏమిటో ఎరగడు.

"ఏం మామా, గింత లేటు. సంచిల రాళ్ళు పెట్టిండ్రా ఏంది? గా మూటేంది, కట్టెపుల్లలా?"

"మందురా. హకీం సాబు ఇచ్చిండు."

మాసయ్య మూట విప్పి చూశాడు. ఒక కాయ తీసి కొరకబోయి మళ్ళీ పెట్టేశాడు. "మామా, ఆ హకీముకు నీ మీద ఏమన్న పగ ఉన్నదేమో జర సోంచాయించు. నాకొక నాలుగియ్యి, మా అమ్మ పప్పుల ఏస్తది."

"మందును పప్పుల ఎయ్యొద్దు."

"పప్పుల ఎయ్యాల్సినదాన్ని మందని తింటున్నవ్ నువ్వు. పో, పో, పొద్దెక్కింది."

ఈరన్న తిరిగి వచ్చేసరికి పదీ ఇరవై అయింది. మున్షీ రామచంద్రయ్య టాంగావాణ్ణి బతిమాలి ఆపాడు కాబట్టి సంచి పోయింది. రిజిస్టర్లో మాత్రం ఆలస్యం అని రాయక తప్పలేదు. రాసి, కలం పక్కన పెట్టి, "ఒక్కటైంది ఈరన్నా," అన్నాడు. అంతే. ఈరన్న గోడలు పట్టుకుని ఇల్లు చేరాడు.

భీమమ్మ ఆయన మొహం చూసింది. కాగులో మిగిలిన మునక్కాయలన్నీ కట్టగా కట్టి చంకన పెట్టుకుని మళ్ళీ దవాఖానకు పోయింది. వరసలో కూర్చున్న రోగులను దాటుకుని పోయి హకీం బల్ల మీద కట్ట పడేసింది.

"ఇగో సాబ్, మీ మూంగ్ ఫల్లీ. మీరే తినుండ్రి."

హకీం ఉలిక్కిపడి కట్టను చూశాడు, ఆమెను చూశాడు. "యే క్యా హై?"

"మీరు చెప్పిందే. రాత్రి నీళ్ళల్ల, పొద్దుగాల బెల్లంతోని."

"కచ్చా?" పచ్చివేనా అని.

"పచ్చియే."

"ఛిల్కే కే సాథ్?"

"తొక్కతోనే. పూటకు పిడికెడు."

హకీం టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. మెల్లగా అడిగాడు. "ఆద్మీ జిందా హై?"

మనిషి బతికే ఉన్నాడనీ, కానీ రెండోసారి ఆలస్యమైతే బతికి లాభం లేదనీ భీమమ్మ చెప్పింది. అప్పుడు ఆ పెద్దమనిషి లేచి, గూట్లో తాను తినడానికి పెట్టుకున్న పొట్లం తెచ్చాడు. ఒక కాయ తీసి వేళ్ళతో చిట్లించి, ఎర్రపొట్టు ఉన్న రెండు గింజలు అరచేతిలో పెట్టి ఆమె ముక్కు దగ్గర చాపాడు. "యే," అన్నాడు. "యే మూంగ్‌ఫలీ."

భీమమ్మ చూసింది. ఆ చూడడం చాలాసేపు చూసింది.

"గివి బుడ్డలు గద," అన్నది.

హకీం మొహం మారిపోయింది. ఉర్దూలో బుడ్ఢా అంటే ముసలివాడు. మూడుసార్లు గోరింటాకు పెట్టి ఎర్రచేసుకున్న గడ్డం ఆయనది. "కౌన్ బుడ్ఢా?" అన్నాడు. "హమ్ బుడ్ఢా నై." ఆ కంగారులో భీమమ్మకు ఉర్దూ ముక్క ఒక్కటీ తోచలేదు.

"నిన్ను గాదు సాబ్, గిది బుడ్డ."

"ఫిర్ బుడ్ఢా." మళ్ళీ అదే మాటా అని.

వరసలో కూర్చున్న రోగుల్లో ఒకాయన లేచి ఇద్దరికీ మధ్య నిలబడి రెండు వైపులా తర్జుమా చేసేదాకా ఆ పేచీ తెగలేదు. తెగిన తర్వాత దవాఖానలో జ్వరంతో వచ్చినవాళ్ళు కూడా నవ్వారు. హకీం అందరికన్నా ఆలస్యంగా మొదలుపెట్టి అందరికన్నా ఎక్కువసేపు నవ్వాడు. ఎర్రపొట్టే తాను తీయొద్దన్న తొక్క అని చెప్పాడు. కడుపు కుదుటపడే దాకా పలచటి మజ్జిగలో ఉప్పు వేసి పట్టమన్నాడు.

ఇంటికొచ్చి భీమమ్మ పైకి చూసింది. ఉట్టి మీద కుండ. కోతలప్పుడు పల్లికాయ చేన్లలో పీకగా మిగిలిపోయినవి తవ్వి, పరిగె ఏరి తెచ్చి దాచింది. కుండ నిండా బుడ్డలే. ఆ కుండ కింద కూర్చునే మొగుడు మూడు రోజులు మునగతొక్క నమిలాడు. ఆమె కుండ దించి, ఒలిచి, రెండు పిడికిళ్ళు నీళ్ళలో వేసింది. ఈసారి పిడికిలి సంగతిలో అనుమానం లేదు.

పల్లీలు తిన్న మర్నాడే గాలిలో తేలిపోయానని ఈరన్న అన్నాడు. భీమమ్మ చేట కింద పెట్టి మరీ కొట్టేసింది. బుధవారం ఆయన ఏడుస్తూనే పరుగెత్తాడు. నడుస్తూ, పరుగెత్తుతూ, పిక్కలను పిడికిలితో గుద్దుకుంటూ, పదికి అయిదు నిమిషాలుండగా వచ్చి పడ్డాడు. వచ్చిన వెంటనే ఆమె నానిన పల్లీలు, బెల్లం చేతిలో పెట్టింది. మజ్జిగ తాగించింది. సాయంత్రం మళ్ళీ పెట్టింది.

గురువారం లేచేటప్పుడు గోడ పట్టుకున్నాడు, కానీ ఒక్క చేత్తోనే. శుక్రవారం గోడ పట్టుకోబోయి, పట్టుకోకుండానే లేచి నిలబడ్డాడు. నొప్పి పోలేదు. ఉన్నది, కానీ నిన్నటి నొప్పి నిన్నటితోనే ఆగి ఇవాళ్టిది ఇవాళ మొదలైనట్టుంది. ఇదివరకు రెండూ కలిసి వచ్చేవి. ఆయన చెప్పిన మాటల్లో ఒక్క అక్షరం కూడా నేను మార్చనిది ఇదొక్కటే.

పల్లీలు పని చేశాయా, లేక మునక్కాయలు మానేయడం పని చేసిందా అని నేనొకసారి అడిగాను. ఇప్పుడు పరుగు పందేలవాళ్ళకు కూడా కండరాలు తొందరగా కోలుకోవడానికి బాదం పలుకులు, పల్లీలు పెడతారని విని ఉన్నాను కాబట్టి అడిగాను. భీమమ్మే జవాబు చెప్పింది.

"ఏదైతేంది. రెండూ పెట్టింది నేనే గద."

శనివారం వచ్చింది. పొద్దున్నే ఇన్‌స్పెక్టర్ సాబు వచ్చి మున్షీ కుర్చీలో కూర్చున్నాడు, మున్షీ ముక్కాలిపీటకు మారాడు. బిగుతు షేర్వాణీ, జేబులో గొలుసు గడియారం. ఈరన్న సలాం చేసి సంచి ఎత్తుకున్నాడు. పల్లీల మూట నడుములో దోపుకున్నాడు. ఆరు రోజుల్లో అంత తేలిగ్గా ఎప్పుడూ పోలేదు. గుడిసె చేరేసరికి మాసయ్య ఇంకా రాలేదు.

గుడిసె నీడ దారి అంచున ఉన్న రాయిని వదలక ముందే సంచులు మారాలి. అది వాళ్ళ గడియారం. ఈరన్న నీడను చూస్తూ నిలబడ్డాడు. నీడ రాయిని వదిలింది. జానెడు అవతలికి జరిగింది. దారి ఖాళీగా ఉంది. తప్పు ఎవరిదైనా రిజిస్టర్లో పడే పేరు తనది. కాళ్ళు సిద్ధంగా ఉండి కూడా నిలబడాల్సి రావడం బిగుసుకుపోవడం కన్నా కష్టంగా ఉందన్నాడు.

అప్పుడు గజ్జెల చప్పుడు వినిపించింది. పరుగు చప్పుడు కాదు, ఒక అడుగు తర్వాత ఒక అడుగు. మాసయ్య బల్లెం మీద బరువు వేసి కుంటుతూ వస్తున్నాడు.

"ఏమైందిరా?"

"పిక్కలు, మామా. ఆరు దినాలైంది ఉరకవట్టి. నిన్న సంది గిట్లనే ఉన్నది. నిన్ను చూసి నవ్విన్నని శాపం పెట్టినవా ఏంది?"

"శాపం పెట్టేంత తీరిక నాకేడిది. సంచి ఇయ్యి."

సంచులు మారాయి. కదలబోయి ఈరన్న ఆగాడు. తిరుగు దారికని పెట్టుకున్న మూట నడుములోంచి తీసి మాసయ్య చేతిలో పెట్టాడు.

"గివి నములుకుంట పో. బెల్లం గూడ ఉన్నది. తొక్క తియ్యకు."

మాసయ్య అనుమానంగా మూట తడిమి చూశాడు. "మునక్కాయలు కావు గద?"

"తిని చూడు."

"మరి నీకు?"

"నాకు ఇంటికాడ ఉన్నయి." అప్పటికే దారిలో పడ్డాడు.

ఆ తిరుగు పరుగు గురించి ఈరన్న చెప్పింది రాస్తే నా జపాల లెక్క నూరు దాటుతుంది. కుందేలు ఒకటి దారి ఇచ్చి పక్కకు నిలబడి చూసిందన్నాడు. అది వదిలేద్దాం. నిజం ఇంత. మొదటి కోసు కొంచెం ఆపి పట్టాడు. రెండో కోసులో పిక్కలు ఎప్పుడు బిగుస్తాయోనని వాటికేసే మనసు పెట్టి పరుగెత్తాడు. మూడో కోసులో అవి బిగుసుకోవడం లేదని తెలిసింది. నాలుగో కోసులో వాటిని మరచిపోయాడు. ఊరి మొదట్లో ఎవరో పిలిచినా తిరిగి చూడలేదు.

కచేరీ గేటు దాటుతుంటే గోడ గడియారం గంటలు కొట్టడం మొదలైందనీ, ఏడో గంటకు మెట్లు, తొమ్మిదో గంటకు సంచి బల్ల మీద, పదో గంటకు తాను కింద అనీ ఈరన్న చెప్పాడు. భీమమ్మ ఆ రోజు కచేరీ ముందు వేపచెట్టు కింద నిలబడి అంతా చూసింది. గడియారం అసలు కొట్టలేదని చెప్పింది. ఇంకా నాలుగు నిమిషాలున్నాయట. టాంగావాడు గుర్రం ముందు గడ్డి కూడా తీయలేదట. నాకు ఆయన చెప్పిందే బాగుంది గానీ, ఆమె చెప్పినప్పుడు గుండె నెమ్మదించింది.

ఇన్‌స్పెక్టర్ గొలుసు గడియారం చూశాడు. రిజిస్టర్ తిప్పాడు. మంగళవారం దగ్గర వేలు ఆపి మున్షీ వైపు చూశాడు. మున్షీ పేట్ ఖరాబ్, కడుపు చెడిందని చెప్పి ముక్కుపొడుం డబ్బీ వైపు చూపు తిప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ లేచి బల్ల ఇవతలికి వచ్చాడు. ఈరన్న మొహం చూడలేదు, వంగి పిక్కలు చూశాడు. గుర్రాన్ని కొనేవాడిలా ఒకటి రెండుసార్లు తల ఊపి వెళ్ళి కూర్చుని సంతకం పెట్టాడు.

ఈరన్న నిలబడే ఉన్నాడు. ఏమైందో ఎవరూ చెప్పరు. చివరికి రామచంద్రయ్యే అన్నాడు.

"రేపు ఆదివారం. ఎల్లుండి ఆరింటికి రా."

"అయ్యా, బిళ్ళ?"

"బిళ్ళ పెట్టుకోని రా. గది లేకుంటే సంచి ఎవడిస్తడు నీకు?"

ఆ తర్వాత లడాయి ముగిసి బస్సు మళ్ళీ తిరిగేదాకా ఈరన్న పరుగెత్తాడు. కాళ్ళు తగ్గినాక కచేరీలోనే ఉత్తరాల మీద ముద్రలు కొట్టే పని ఇచ్చారు. మాసయ్య నాగర్‌కర్నూల్‌లో పరుగు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళందరికీ మొదటి రోజే పల్లీల మూట ఇచ్చేవాడట. కొన్నేళ్ళకు వెట్టి కూడా పోయింది. అప్పటికి పటేలు కచ్చరం బండే లేదు.

ఆ శనివారం మధ్యాహ్నం ఈరన్న, భీమమ్మ ఎండలో పడి నెమ్మదిగా ఇంటికి నడిచారు. సందు మలుపులో పటేలు మనిషి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఏమైందని అడగడానికి నోరు తెరిచాడు. ఈరన్న నడకను చూసి మళ్ళీ మూసుకున్నాడు. ఇంట్లో భీమమ్మ ఆయనను పీట మీద కూర్చోబెట్టి, ఆముదం వెచ్చచేసి, ఒక కాలు తన ఒడిలోకి తీసుకుని పిక్క మీద రాయడం మొదలుపెట్టింది. ఆరు రోజుల నుంచీ ఆమె సరిగా తిన్నది లేదు, నిద్రపోయింది లేదు. రాస్తూ రాస్తూ అడిగింది.

"నొస్తున్నయా?"

ఈరన్న కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"నొస్తున్నయి గాని," అన్నాడు, "నావే అనిపిస్తున్నయి."

భీమమ్మ చేయి పిక్క మీదే ఉంది, కళ్ళు మూతలు పడ్డాయి. ఆమె నిద్రపోయిందని తెలిసి, లేస్తే మేలుకుంటుందని, ఈరన్న పొద్దు వాలేదాకా కాలు కదపకుండా అలాగే కూర్చున్నాడు.